కష్టాన్ని కాడికి కట్టేదెట్లా?

ఈసారి ఉత్తరాలన్నీ కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవే ఎంచుకున్నాం. నాలుగింటి అడుగునా ఒకటే ప్రశ్న ఉంది. నెత్తిన పడ్డ కష్టాన్ని బలంగా మార్చుకోవడం నిజంగా కుదిరే పనేనా? కుదిరితే ఎక్కడ మొదలుపెట్టాలి? మనోవైద్యం, పునరావాస చికిత్స, అప్పుల సలహా తెలిసినవాళ్లు కలిసి జవాబులు రాశారు. రాసినవాళ్ల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా నాన్న పోయి ఐదు నెలలైంది. నేను డీఎస్సీకి చదువుతున్నాను. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ "ఆ బాధనే కసిగా మార్చుకో, మీ నాన్న కోసం ఉద్యోగం కొట్టు" అంటున్నారు. మొదట్లో పదిహేను రోజులు నిజంగానే కసి వచ్చింది. దినానికి పన్నెండు గంటలు చదివినాను. ఇప్పుడు పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడతాయి గానీ లోపలికి పోవు. నాన్న మీద ప్రేమ తక్కువైందేమో, అందుకే కసి రావడం లేదేమో అని భయమేస్తోంది. (పత్తికొండ నుంచి)

జవాబు: ప్రేమ తక్కువై కాదమ్మా. కసి జొన్నచొప్ప మంట లాంటిది. భగ్గున లేస్తుంది, ఎసరు కాగేలోపే ఆరిపోతుంది. కసిలో ఉన్నప్పుడు ఒళ్లంతా ప్రమాదంలో ఉన్నట్టే పనిచేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నిద్ర తగ్గుతుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, నిద్ర కోసుకుని చదివిన పన్నెండు గంటల్లో చాలా భాగం నిలవదు. పదిహేను రోజుల తర్వాత చదువు ఆగిపోవడం మీ తప్పు కాదు. అన్నాళ్లు సాగడమే ఎక్కువ.

ఇంకో మాట కూడా తెలుసుకోండి. కష్టం దానంతట అది ఎవర్నీ గట్టిపరచదు. అమెరికాలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పెద్ద దెబ్బలు తిన్నవాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి, 1996లో 21 అంశాల కొలమానం ఒకటి తయారుచేశారు. దెబ్బ తర్వాత కొందరిలో కనిపించే ఎదుగుదలను వాళ్లు ఐదు వైపుల నుంచి చూశారు: మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తనకు తెలియడం, బతుకు విలువ, ఆధ్యాత్మిక చింతన. వాళ్లు గట్టిగా చెప్పింది ఏమిటంటే, ఆ ఎదుగుదల వచ్చినవాళ్లలో కూడా బాధ పోలేదు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎదుగుదలను తెచ్చిపెట్టింది దెబ్బ కాదు, దెబ్బ తర్వాత మనిషి కూర్చుని చేసిన ఆలోచన. అది అందరికీ రాదు. రాకపోతే మనిషిలో లోపమున్నట్టూ కాదు.

ఆలోచనలో రెండు రకాలున్నాయి. ఆస్పత్రి, ఆ రాత్రి, "ఇంకో గంట ముందు తీసుకుపోయుంటే" అన్న మాట పిలవకుండానే వచ్చి తిరుగుతుంటాయి. ఎద్దు నెమరేసినట్టు అదే మేత మళ్లీ మళ్లీ నోట్లోకి వస్తుంది. ఇది మొదటిది. మనమే టైము పెట్టుకుని, కూర్చుని ఆలోచించేది రెండోది. మొదటిదాన్ని రెండోదిగా మార్చడమే ఇప్పుడు మీ పని. అందుకు రాత బాగా పనికొస్తుంది.

జేమ్స్ పెన్నిబేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1986లో పరీక్షించిన పద్ధతి ఇది. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయాలి. సాయంత్రం ఐదు ప్రాంతంలో, ఎవరూ రాని చోట కూర్చోండి. పడుకునే ముందు మాత్రం వద్దు. కదిలిన మనసుతో పడక మీదికి పోతే ఆ రాత్రి నిద్ర ఉండదు. పెన్ను ఆగకూడదు, తప్పులు దిద్దకూడదు, రాసింది ఎవరికీ చూపకూడదు. చింపెయ్యాలనిపిస్తే చింపెయ్యండి. మొదటి రెండు రోజులు ఏడుపు ఎక్కువే వస్తుంది, మామూలుగా గంట రెండు గంటల్లో తేలికపడుతుంది. మూడో రోజు నుంచి జరిగింది మళ్లీ వర్ణించకుండా "ఎందుకంటే", "ఇప్పుడు తెలుస్తోంది" అనే మాటలతో వాక్యాలు మొదలుపెట్టండి. ఈ పద్ధతితో మేలు పొందినవాళ్ల రాతల్లో అలాంటి మాటలు రోజురోజుకూ పెరిగినట్టు పరిశోధకులు గమనించారు. నాలుగు రోజులూ ఒకే సంగతి ఒకే తీరున రాస్తే అది కాగితం మీద నెమరే, లాభం ఉండదు. రెండో రోజుకే గుండెదడ, నిద్రలేమి పెరిగితే ఆపెయ్యండి. మనిషి పోయిన మొదటి వారాల్లో ఎవరూ దీన్ని చేయకూడదు. మీకు ఐదు నెలలైంది కాబట్టి చెబుతున్నాం.

చదువు సంగతి. పన్నెండు గంటలు మరచిపోండి. మొదటి వారం రోజుకు 25 నిమిషాల విడతలు నాలుగు, మధ్య ఐదేసి నిమిషాల విరామం. వారానికి రెండు విడతల చొప్పున పెంచండి. ఐదో వారానికి 12 విడతలు, అంటే ఐదు గంటల నికరమైన చదువు. అక్కడ ఆపండి. విరామంలో ఫోన్ తాకొద్దు, తొట్టి దాకా నడిచి ముఖం కడుక్కుని రండి. ఏ రోజైనా నాలుగు విడతలు కూడా కాకపోతే మర్నాడు ఎనిమిది చేసి పూడ్చాలని చూడొద్దు. చాలామంది చదువు తెగిపోయేది సరిగ్గా అక్కడే. మర్నాడు మళ్లీ నాలుగే.

చదువు మధ్యలో నాన్న గుర్తొస్తాడు. రావద్దనుకుంటే ఇంకా ఎక్కువ వస్తాడు. "అలా జరిగితే, ఇలా చేస్తాను" అని ముందే రాసిపెట్టుకున్నవాళ్లు అనుకున్న పని ఎక్కువగా చేయగలుగుతారని పీటర్ గోల్విట్జర్ అనే శాస్త్రవేత్త పరిశోధనల్లో తేలింది. మీరు ఇలా రాసి పుస్తకం మొదటి పేజీకి అంటించండి: "చదువుతుండగా నాన్న గుర్తొస్తే, పేజీ అంచున పెన్సిల్‌తో ఒక గీత గీసి, ఆ పేరా చివరిదాకా చదువుతాను. సాయంత్రం ఆరుకి నాన్న దగ్గర కూర్చుంటాను." ఆరుకి నిజంగా కూర్చోవాలి. ఇరవై నిమిషాలు, వీలైతే అమ్మతో, ఆయన ఫొటో పెట్టుకుని, ఆయన గురించే మాట్లాడండి. రాత రాసే నాలుగు రోజులూ అది ముగిశాకే ఇది. రెండు రోజులు ఎగ్గొడితే మనసు ఆ మాట నమ్మడం మానేస్తుంది, పేజీ అంచున గీతలు పెరుగుతాయి. వారం చివర గీతలు లెక్కపెట్టండి. తగ్గకపోయినా ఫర్వాలేదు, గీత గీశాక పేరా పూర్తవుతోందా లేదా అన్నదే చూడండి.

"నాన్న కోసం ఉద్యోగం" అన్న మాట మాత్రం దించెయ్యండి. పరీక్ష పోతే నాన్నను ఓడించినట్టు అవుతుందన్న భయం ఆ మాటలో దాగుంది, అదే చేతులు కట్టేస్తోంది. ఉద్యోగం మీ కోసం. నాన్న కోసం రోజూ చేయగలిగింది ఏదైనా పెట్టుకోండి. ఆయన నాటిన చెట్టుకు నీళ్లు పోయడమో, ఆయన రాసే ఇంటి లెక్కల పుస్తకం మీరు రాయడమో. అందులో ఫెయిలవడం ఉండదు.

రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగానో, దేని మీదా ఆసక్తి లేకుండానో ఉండి, నిద్ర, ఆకలి కూడా చెడితే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి మానసిక విభాగంలో చూపించుకోండి. మందు రాస్తే గుణం కనపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "పని చేయడం లేదు" అని పదో రోజున మానెయ్యొద్దు.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడేండ్లలో మూడు బోర్లు వేయించినాం, మూడూ పోయినాయి. బ్యాంకులో పంటరుణం లక్షన్నర, బంగారం మీద రెండు లక్షలు, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు, ఎరువుల అంగట్లో అరవై వేలు. పది లక్షల అప్పు నెత్తిన ఉండాది. మా ఆయన రాత్రుళ్లు నిద్రపోడు, చేని గట్టు మీద కూర్చుంటాడు. మొన్న "నేను లేకుంటే మీకే మేలు" అన్యాడు. కష్టాల్లోంచి పైకొచ్చినోళ్ల కథలు ఫోన్లో చూపిస్తే లేచి బయటికి పోతాడు. ఆయనకు ధైర్యం ఎట్లా చెప్పల్ల?

జవాబు: తల్లీ, ధైర్యం సంగతి తర్వాత. ఆ మాటను ఊరికే అన్నాడనుకోవద్దు. ఈ రోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం వద్దు, అలా జరగదు. అడిగితే లోపలి బరువు కొంత దిగుతుంది. "పిల్లల మొహం చూసి బతుకు" అనొద్దు, ఇప్పటికే తాను భారమనుకుంటున్న మనిషికి అది ఇంకో భారం. "నువ్వు లేకుంటే మాకు మేలు కాదు, చెప్పు, వింటాను" అంటే చాలు, తర్వాత మీరు మాట్లాడకుండా వినండి.

ఇంట్లో, పాకలో ఉన్న పురుగుల మందు, కలుపు మందు డబ్బాలన్నీ ఈ పూటే బంధువుల ఇంటికి పంపండి, లేదా పెట్టెలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి. ఆ తలంపు ఉధృతంగా ఉండేది చాలాసార్లు కొద్దిసేపే. ఆ కాసేపు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి, ఆయనతో ఎలా మాట్లాడాలో అడగొచ్చు. ఎలా చనిపోవాలో కూడా ఆలోచించానని ఆయన చెబితే ఒంటరిగా వదలొద్దు, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకుపోండి. గట్టు మీద కూర్చోడానికి పోతే మీరూ పోయి పక్కన కూర్చోండి.

ఇప్పుడు బోర్లు. మూడు పోయినాయంటే ఆయన మనసులో అది "నా రాత". కాదు, అది రాయి. మీ ప్రాంతంలో కింద ఎక్కువగా గ్రానైటు జాతి గట్టి రాయి ఉంటుంది. అందులో నీళ్లు ఇసుకలో ఉన్నట్టు పరుచుకుని ఉండవు, పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, అరడుగు పక్కన దిగితే దుమ్ము. నీళ్ల జాడ చూసేవాళ్ల అరచేతిలో టెంకాయ నిలబడిన చోటల్లా పగులు ఉండదు. పగులున్నా, చుట్టుపక్కల బోర్లన్నీ దాన్నే తాగుతుంటే రెండేండ్లకు ఎండిపోతుంది. ఈ మాట ఆయనకు చెప్పండి. తప్పు తనది కాదని తెలిసిన మనిషి తర్వాతి పని గురించి ఆలోచించగలడు.

ఆయన కథలు చూడకుండా లేచిపోవడంలో అర్థం ఉంది. గెలిచినవాళ్ల కథ విన్నప్పుడు ఓడినవాడికి వినపడేది "నీకు చేతకాలేదు" అనే. ఆయనకు కథ వద్దు, లెక్క చూపండి.

మీ ఉత్తరంలో ఉన్న అప్పులు కూడితే 7,10,000. మీ ఇద్దరి నోట్లో మాత్రం అది పది లక్షలు. చెల్లించని వడ్డీ కొంత ఉండొచ్చు, కానీ మిగతాదంతా భయం కలిపింది. కాగితం మీద పెట్టని అప్పు ఎప్పుడూ అట్లే పెరుగుతుంది. ఒక తెల్లకాగితం తీసుకుని ఐదు గళ్లు గీయండి: ఎవరికి, అసలెంత, ఏడాదికి వడ్డీ ఎంత, ఏ కాగితం రాసిచ్చాం, గడువెప్పుడు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు ఏడాదికి 72,000. పంటరుణం వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే రాయితీ పోను 4 శాతమే, అంటే లక్షన్నరకు 6,000. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే ఏది తినేస్తోందో మీకే తెలుస్తుంది. చేతికొచ్చిన డబ్బుతో ముందు పంటరుణం, బంగారం గడువులు తప్పకుండా చూసుకుని, మిగిలిందంతా బయటి అప్పు అసలులోకి కట్టాలి. చాలామంది ఇంటిముందుకు వచ్చి గట్టిగా అడిగేవాడికి ముందు కడతారు. అడిగే గొంతు కాదు, వడ్డీ చూడాలి.

బయటి అప్పుకు కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించి, దాని ఫొటో తీసుకోండి. నోటిమాట మీద కట్టిన డబ్బు తర్వాత లెక్కలోకి రాక ఎన్నో ఇళ్లు నష్టపోయాయి. పూర్తిగా తీరాక ప్రోనోటు వెనక్కి తీసుకోవాలి. ఖాళీ ప్రోనోటు మీద సంతకం ఎంత అవసరమొచ్చినా పెట్టొద్దు. ప్రోనోటుపై దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది, మధ్యలో సంతకంతో చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. వేధింపులు మొదలైతే న్యాయ సేవా సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం, కాబట్టి అర్జీ మీ పేరు మీద పెట్టండి.

అప్పు మాట రోజుకు ఇరవై నిమిషాలే, అదీ పొద్దున సంగటి తిన్నాక. రాత్రి పడ్డాక ఎత్తకూడదు. చీకట్లో మాట్లాడుకున్న అప్పుకు దారి దొరకదు, నిద్ర మాత్రం పోతుంది. నాలుగో బోరు మాట ఈ పంటకాలం అయిపోయేదాకా వద్దు. ఆ తర్వాత వేయాలనిపించినా భూగర్భ జల శాఖ వాళ్లతో సర్వే చేయించకుండా, కొత్త అప్పు తెచ్చి వేయొద్దు.

ఇక ఆయన లోపలి మనిషి. ఉత్సాహం వచ్చాక పని చేద్దామనుకుంటే ఈ స్థితిలో అది రాదు. పని ముందు, ఉత్సాహం వెనక. రోజూ ఒకే టైముకు నిద్ర లేవడం, మధ్యాహ్నం తర్వాత టీ మానడం, అరగంటలో అయిపోయి కంటికి కనపడే పని ఒకటి: తెగిన కంచె కట్టడం, గొర్రెలకు నీళ్లు పెట్టడం. వీలైతే ఆయనకు తెలిసింది ఇంకొకరికి ఉపయోగపడేలా చూడండి. మూడు బోర్లలో ఎన్ని అడుగుల దగ్గర ఏ రాయి వచ్చింది, ఎక్కడ తేమ తగిలింది, ఎన్నాళ్లు నీళ్లిచ్చింది అని ఆయన చేత రాయించండి. పక్క చేనాయన బోరు వేయబోయే ముందు ఆ కాగితం అడుగుతాడు. అన్నీ పోగొట్టుకున్నాననుకునే మనిషి దగ్గర ఊరికి పనికొచ్చేది ఒకటుందని ఆయనకు అప్పుడు కనపడుతుంది.

ప్రశ్న: లారీ డ్రైవర్ని, వయసు 34. యాక్సిడెంట్లో మోకాలి కింద కాలు తీసేసి రెండు నెలలు. కుంగిపోకూడదని గట్టిగా అనుకున్నాను. మూడు నెలల్లో కృత్రిమ కాలుతో లారీ ఎక్కాలని పట్టుదల. కానీ లేని పాదం రాత్రి మంట పెడుతుంది. ఇంట్లో చెబితే పిచ్చి అంటారని చెప్పలేదు. (కడప నుంచి)

జవాబు: పిచ్చి కాదన్నా. కాలు పోయినా మెదడులో ఆ పాదం పటం అలాగే ఉంటుంది, నొప్పి అక్కడి నుంచి. కాలు, చెయ్యి తీసేసినవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది. 1990ల్లో వి.ఎస్. రామచంద్రన్ అనే మెదడు శాస్త్రవేత్త అద్దంతో చేసే సాధన కనిపెట్టారు. నిలువుటద్దాన్ని రెండు కాళ్ల మధ్య పొడుగ్గా పెట్టి, తీసేసిన కాలు అద్దం వెనక పూర్తిగా దాచి, మంచి పాదాన్ని నెమ్మదిగా కదుపుతూ అద్దంలో చూడాలి. అక్కడ రెండో పాదం కదులుతున్నట్టు కనపడుతుంది. రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. అద్దం చిన్నదై మొండి భాగం కనపడితే, లేదా గబగబా కదిపితే పని చేయదు. అందరికీ ఒకేలా తగ్గదు. తగ్గకపోతే నరాల నొప్పికి మందులున్నాయి, డాక్టర్ని అడగండి.

పట్టుదల మంచిదే, కానీ దానికి మీరు తేదీ పెట్టారు. తేదీ పెట్టుకున్నవాళ్లే పుండు పడినా దాచి నడుస్తారు, ఆ పుండుతో రెండు నెలలు వెనక్కి పోతారు. తేదీ కాదు, చర్మం చెప్పాలి.

మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటున్నారా? సుఖంగా ఉంటుంది గానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది, అప్పుడు కృత్రిమ కాలు సరిగా అమరదు. దిండు తీసేసి, రోజుకు రెండు మూడుసార్లు 15-20 నిమిషాలు బోర్లా పడుకోండి. ఎలాస్టిక్ బ్యాండేజి ఎనిమిది అంకె ఆకారంలో, కొసన బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టాలి. గుండ్రంగా చుడితే తాడు బిగించినట్టయి కొస వాస్తుంది. నాలుగైదు గంటలకోసారి విప్పి మళ్లీ చుట్టాలి. కాలు అమర్చాక మొదట గంటసేపే, తర్వాత టెక్నీషియన్ చెప్పినట్టు పెంచుకుంటూ పోవాలి. తీసిన ప్రతిసారీ చేతి అద్దంతో కింద చూసుకోండి. ఎర్రదనం పది నిమిషాల్లో పోతే మంచిది. పోకపోతే ఆ రోజుకు కాలు పెట్టొద్దు, అమర్చినవాళ్ల దగ్గరికి పోవాలి. నెలలు గడిచేకొద్దీ మొండి భాగం సన్నబడి, అది కూర్చునే కృత్రిమ కాలి గిన్నె వదులవుతుంది. వదులైందని మానెయ్యక, లోపల ఇంకో సాక్సు వేసుకోవాలి. చక్కెర జబ్బు ఉంటే ఈ జాగ్రత్తలన్నీ రెట్టింపు.

ఈలోగా సచివాలయంలో సదరం (వైకల్య ధ్రువీకరణ పరీక్ష) స్లాట్ బుక్ చేయించుకోండి. సర్టిఫికెట్లో వైకల్యం 40 శాతం, అంతకు మించి వస్తే పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000. లారీ లైసెన్సు వైద్య ధ్రువీకరణ మీద ఆధారపడుతుంది, కాబట్టి ఆ ఒక్కదాని మీదే ఆశంతా పెట్టుకోకండి. లోడు లెక్కలు, రూట్లు, టైర్లు, డీజిల్ ఖర్చు మీకు కొట్టినపిండి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఆ పని తెలిసినవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. నడక నేర్చుకునే నెలల్లోనే బిల్లింగ్ పని నేర్చుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు తప్పినాడు. మా తమ్ముడు రోజూ భోజనం దగ్గర "సిగ్గుండాలి, మాట పడితేనే రోషమొచ్చి చదువుతాడు" అంటాడు. పిల్లోడు అన్నం సగంలో లేస్తున్నాడు. మా తమ్ముడి మాట నిజమేనా? (జమ్మలమడుగు నుంచి)

జవాబు: నిజం కాదమ్మా. నలుగురిలో మాట పడ్డ పిల్లవాడికి వచ్చే రోషం చదువు మీదికి పోదు, దాక్కోవడం మీదికి పోతుంది. పుస్తకం చూస్తేనే ఆ మాట గుర్తొచ్చి పుస్తకం మూస్తాడు.

మార్కుల మెమో తీసి, ఏ సబ్జెక్టు ఎన్ని మార్కులతో పోయిందో చూడండి. ఐదారు మార్కులతో పోతే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ గడువు దాటకముందే ఫీజు కట్టండి, అయినా సప్లిమెంటరీకి చదువు ఆపొద్దు. చాలా మార్కులతో పోతే ఏ పాఠం నుంచి అర్థం కావడం మానేసిందో వాడినే అడిగి, అక్కడినుంచి లెక్చరర్ చేత చెప్పించండి. పాత ప్రశ్నపత్రాలు రోజుకొకటి, టైము పెట్టి, ఇంట్లోనే రాయించండి. దిద్దేటప్పుడు ముందు సరిగ్గా రాసినవి చూపించి, తర్వాతే తప్పులకు పొండి. అన్నం మానడం, తలుపేసుకోవడం, "బతికి ఏం లాభం" లాంటి మాటలు కనపడితే పైన చెప్పిన 14416 మీకూ వర్తిస్తుంది.

మీ తమ్ముడితో పిల్లవాడు లేనప్పుడు మాట్లాడండి. భోజనం దగ్గర మార్కుల మాట రాకూడదని చెప్పండి. ఆయనకు సాయం చేయాలనే ఉంటే పాత పేపర్లు జిరాక్సు తీయించి తెచ్చే పని అప్పజెప్పండి. ఈ రాత్రి భోజనానికి ముందే చెప్పండి.